పాలు పొంగేలోపు

నేను ఒక ఎర్ర రిబ్బను ముక్కను. జానెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పు. నా పుట్టుక కత్తెరతో జరిగింది.

ఊరి చివర కొత్తగా కట్టిన కరెంటు సబ్‌స్టేషన్ గేటుకు అడ్డంగా నన్ను కట్టారు. ఒక పెద్దమనిషి వచ్చి కత్తెర అందుకున్నాడు. అది మొద్దుది. మూడుసార్లు నమిలితే గానీ నేను తెగలేదు. చప్పట్లు, ఫోటోలు, లడ్డూలు. పావుగంటలో షామియానా ఖాళీ. కింద పడిన నన్ను తొక్కుకుంటూ అందరూ వెళ్ళిపోయారు. ఒక్క మనిషి వంగి తీశాడు. లైన్‌మన్ ఆశీర్వాదం. బైబిల్లో పేజీ గుర్తుగా పనికొస్తానని జేబులో పెట్టుకున్నాడు.

మనుషులకు మొదలుపెట్టడమంటే మహా ఇష్టం. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆ కొత్త సంవత్సరం ఆరాధనలో ఆశీర్వాదం లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేస్తానన్నాడు, గంటసేపు ప్రార్థన చేస్తానన్నాడు, ఏడాది తిరిగేలోపు బైబిలు మొత్తం చదివేస్తానన్నాడు. సంఘమంతా ఆమేన్ అంది. జనవరిలో నేను పరుగులు తీశాను. ఆదికాండం దాటాను. నిర్గమకాండంలో సముద్రం దాటాను. ఫిబ్రవరి రెండో వారంలో లేవీయకాండం పదమూడో అధ్యాయంలో, కుష్టు మచ్చల దగ్గర ఆగిపోయాను. మళ్ళీ జనవరి వచ్చేదాకా పుస్తకం తెరుచుకోలేదు. జనవరిలో మళ్ళీ మొదటి పేజీ, ఫిబ్రవరిలో మళ్ళీ అవే మచ్చలు. ఆరేళ్ళు ఇదే వరస. ఏ మచ్చ ప్రమాదమో ఏది కాదో ఇప్పుడు ఆ మచ్చలు పరీక్షించే యాజకులకంటే నాకే బాగా తెలుసు.

ఆరో ఏడు ఆగస్టులో అది జరిగింది. అప్పుడు నేను పుస్తకంలో ఉన్నాను కాబట్టి విన్నదే చెబుతున్నాను.

వాన ముంచుకొస్తోంది. ఆశీర్వాదం, అతని జోడీ మస్తాన్ తెగిన తీగ కట్టడానికి వెళ్ళారు. లైను ఆపేశామని సబ్‌స్టేషన్ నుంచి కబురొచ్చింది. ఆపిన లైనుకు కూడా ఎర్త్ రాడ్డు తగిలించాలి. పొడవాటి కర్ర చివర కొక్కెం, దాని నుంచి నేలలోకి దిగే తీగ, అంతే ఆ రాడ్డు. లైన్లో ఎక్కడైనా కరెంటు ఉంటే మనిషి మీదికి పోనివ్వకుండా మట్టిలోకి లాగేస్తుంది. రెండు నిమిషాల పని. ఆ రోజు అది ఆశీర్వాదం వంతు. వానొస్తోందని మానేశాడు. ఎక్కడో పెళ్ళి మండపంలో జనరేటరు వేశారు. ఆ కరెంటు వెనక్కి తిరిగి లైన్లోకి వచ్చింది. అప్పుడు స్తంభం మీద ఉన్నది మస్తాన్.

మస్తాన్ బతికాడు. ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది.

కాలింది మస్తాన్ చెయ్యి, వణికినవి ఆశీర్వాదం చేతులు. నిచ్చెన ముట్టుకుంటే చాలు, వేళ్ళు పట్టు తప్పేవి. రెండు నెలలు చూసి పై అధికారి ఏఈ గారు పిలిచారు. "స్తంభం ఎక్కలేనోణ్ణి లైన్‌మన్ అని ఎట్టా రాసుకోనయ్యా? క్రిస్మస్ దాకా ఆగుతా. అప్పటికీ ఎక్కకపోతే నీ చోట్లో ఇంకోణ్ణి ఏసుకుంటా."

ఆ సాయంత్రం మస్తాన్ చేతికి కట్టుతోనే ఇంటికొచ్చాడు. ఆశీర్వాదం ఒళ్ళో పుస్తకం ఉంది, అందులో నేనున్నాను.

"జనవరి నుంచి గట్టిగా మొదలుపెడతా బావా," అన్నాడు ఆశీర్వాదం. "నాలుగింటికి లేచి గంట ప్రార్థన చేస్తే ఈ భయం పోద్ది."

"జనవరికి నీ ఉజ్జోగమే ఉండదు గదబ్బా," అన్నాడు మస్తాన్. మళ్ళీ తనే అడిగాడు. "ఎర్త్ రాడ్డు ఎయ్యడానికి ఎంతసేపు?"

"రెండు నిమిషాలు."

"నిన్న ఏశాం గదా అని ఇయ్యాల మానేస్తామా?"

ఆశీర్వాదం తల దించుకున్నాడు.

"నిన్ను దెప్పట్లా బావా. గంట కూర్చోమని ఎవరడిగారు నిన్ను? ఆ రెండు నిమిషాలే కూర్చో. రోజూ కూర్చో."

టీ తెచ్చిన ఆశీర్వాదం భార్య సలోమి ఆ మాట పట్టుకుంది. "పొద్దున్నే పాలు పొయ్యి మీద పెడతా గదా. అయి పొంగేలోపు చదువు. పొంగినాక లేచెళ్ళు, నిన్నెవరూ అడగరు." అని నన్ను చూసింది. "ఆరేళ్ళుగా కుష్టు మచ్చల్లో పడుంది పాపం," అంటూ బయటికి లాగి కీర్తనల్లో పెట్టింది.

మర్నాడు ఆరింటికి పుస్తకం తెరుచుకుంది. వంటింటి గడప మీద కూర్చున్నాడు. కిటికీలోంచి పల్చటి వెలుగు నా మీద పడింది. నన్ను నొక్కిపట్టిన బొటనవేలు వణుకుతోంది. నాలుగు వచనాలు చదివి కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా, మస్తాన్ చెయ్యి..." అన్నాడు. పాలు పొంగాయి. లేచాడు.

నేను ఎదురుచూశాను. ఉరమలేదు, మెరవలేదు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే.

తొమ్మిదో రోజు పొద్దెక్కేదాకా నిద్రపోయాడు. పుస్తకం తెరుచుకోలేదు. ఇక జనవరికే కలుసుకుంటాం అనుకున్నాను. ఆరేళ్ళుగా చూస్తున్న మనిషే గదా.

పదో రోజు ఆరింటికి గడప దగ్గర అతని గొంతు వినిపించింది. "నిన్న తప్పింది సలోమీ."

"నిన్నటి పాలు నిన్ననే అయిపోయినయ్యి. ఇయ్యాల్టివి పెట్టా, కూర్చో."

పుస్తకం తెరుచుకుంది. సముద్రం రెండుగా చీలిన పేజీలో పడుకున్నదాన్ని నేను. అక్కడ కూడా ఇంతగా నివ్వెరపోలేదు. తప్పిపోయిన మనిషి మర్నాడే వచ్చి కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

అలా నవంబరు గడిచింది. బొటనవేలి వణుకు ఏ రోజు ఆగిందో చెప్పలేను. రోజూ దాని కిందే ఉన్నాను, అయినా నాకే తెలియలేదు. ఒక రోజు చూస్తే వేలు నిలకడగా ఉంది.

డిసెంబరు మధ్యలో తుపాను వచ్చింది. ఊరంతా చీకటి, నీళ్ళ మోటార్లు ఆగిపోయాయి. ఆ పొద్దున కూడా నాలుగు వచనాలు చదివాడు. పాలు పొంగాక నన్ను పుస్తకంలోంచి తీసి జేబులో వేసుకున్నాడు. స్తంభం దగ్గర నన్ను ఎర్త్ రాడ్డు పిడికి ముడివేశాడు. "ఇది కనపడితే మర్చిపోను," అని మస్తాన్‌తో అన్నాడు. మస్తాన్ కాలిన చెయ్యి గుండెకు ఆనించుకుని కింద నిలబడ్డాడు.

ఆశీర్వాదం నిచ్చెన మీద కాలు పెట్టాడు. ఎక్కాడు.

"లైను ఆపించానయ్యా, నేనే మాట్లాడా. తొరగా కానియ్యి," కింద నుంచి ఏఈ గారు కేకేశారు.

"రెండు నిమిషాలు సార్."

నడుముకు బెల్టు బిగించుకుని రాడ్డు చాచాడు. కొక్కెం తీగకు ఆనింది.

ఫట్‌మంది. నీలం మంట లేచింది. కళ్ళు చెదిరే వెలుగు. ఆపించానన్న లైనులో కరెంటు ఉంది. మళ్ళీ ఎక్కడో ఎవరిదో జనరేటరు. అదంతా తీగ వెంట దిగి మట్టిలోకి పోయింది. తడి నేల నుంచి ఆవిరి లేచింది. నేను అతని పిడికిట్లో ఉన్నాను. పిడికిలి కదల్లేదు.

మస్తాన్ బురదలోనే కూలబడి ముఖం తుడుచుకున్నాడు. ఏఈ గారు నేలలోకి దిగిన తీగ వైపే చూస్తూ రెండడుగులు వెనక్కి వేశారు. పైనున్న మనిషి మాత్రం లైను పూర్తిగా చల్లబడేదాకా ఆగి, పని మొదలుపెట్టాడు.

నాలుగేళ్ళయినా ఇప్పటికీ నేను ఆ రాడ్డు పిడికే ఉన్నాను. ఎండకు వెలిసి గులాబి రంగుకు తిరిగాను, గ్రీజు వాసన కొడుతున్నాను. బైబిల్లో నా చోట సలోమి పాల ప్యాకెట్టు అంచు కత్తిరించి పెట్టింది. నాకు అసూయ లేదు. అది రోజూ కాస్త కాస్త జరుగుతోందని జీపులో ఆశీర్వాదం మస్తాన్‌తో చెబుతుంటే వింటాను. కీర్తనలు అయ్యాయట. మొదటికొచ్చి, మొన్న లేవీయకాండం పదమూడో అధ్యాయం కూడా దాటిందట. నాలుగేసి వచనాల లెక్కన పదిహేను రోజులు పట్టిందట.

ఆ పదిహేను రోజుల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాలు మాత్రం పొంగాయి.