వ్యాన్ ఎవరు నడపాలి

మా చెల్లెలు ఇంకో మనిషిని కూడా అక్కా అని పిలుస్తుంది. దాని పెళ్ళయిన కొత్తలో ఆ పిలుపు వినబడితే నన్నే అనుకుని వెనక్కి తిరిగాను. పిలిచింది నన్ను కాదు, తన తోడికోడల్ని. మా మరిదికి వదిన, వయసులోనూ చెల్లెలి కంటే పెద్దది, కాబట్టి అక్కా అనడమే మర్యాద. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపులో మంట చల్లారుతుందా?

ఆవిడ ఈతకొలనులో కోచ్. భుజాలు బీరువా తలుపుల్లా ఉంటాయి. మనిషి మంచిది, నాకొచ్చిన చిక్కల్లా అదే. చెడ్డదైతే నలుగురి దగ్గరా నోరారా తిట్టుకునేదాన్ని. ఆ అదృష్టం లేక, మనసులోనే ఈత మేడమ్ అని పేరు పెట్టుకుని సరిపెట్టుకున్నాను.

నేను గుడారాలూ, వీపు సంచులూ కుట్టే కార్ఖానాలో కటింగ్ మాస్టర్ని. గుడ్డ మీద సుద్దతో గీతలు గీసి, పొరలు పొరలుగా పేర్చి కోయడం నా పని. మా కటింగ్ బల్ల గదికి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉంటుంది. సెలవు రోజుల్లో తాళంచెవి నా దగ్గరే ఉంటుంది గనక, ఏడాదికోసారి ఆ బల్ల మా అక్కచెల్లెళ్ళ సొంతం. పై కొండల్లో, ఊళ్ళు ఎక్కడో విసిరేసినట్టుండే ఎత్తయిన బయళ్ళలో, మౌంటెన్ బైకుల మీద కొన్ని రోజులు తిరిగి రావడం మా ఇద్దరికీ అలవాటు. ఏ దారిన వెళ్ళాలో, ఎక్కడ పడుకోవాలో అంతా ఆ బల్ల మీదే తేల్చుకునేవాళ్ళం.

బల్ల మీద ముదురు రంగు కాన్వాసు పరిచి, ఫోన్‌లో మ్యాపు చూస్తూ సుద్దతో దారి గీస్తాం. ఎక్కే చోట గీత పైకి పోతుంది, దిగే చోట కిందికి. నీళ్ళు దొరికే చోట ఒక గుండీ, రాత్రికి ఆగే చోట ఒక దారపు ఉండ. రూలు ఒక్కటే. ఎవరికి నచ్చని ముక్కని వాళ్ళు అరచేత్తో చెరిపేయొచ్చు, ఎందుకని రెండో మనిషి అడగకూడదు. ఒక ఏడు నేనొక మంచి కనుమదారిని చెరిపేశాను. అక్కడి గొర్రెల మందల వెంట పెద్ద పెద్ద కుక్కలుంటాయని విన్నాను. అది అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పటికీ దానికి తెలియదు.

వ్యాన్ మా మరిది నడిపేవాడు. పొద్దున మమ్మల్ని కొండ మొదట్లో దింపి, సాయంత్రం అవతలి వైపు ఎదురుచూసేవాడు. మధ్యలో హాయిగా సీటు వాల్చుకుని నిద్రపోయేవాడు. ఎక్కడికెళ్ళారని అడగడు, ఫొటో తీయమంటే తీస్తాడు. అలాంటి బంగారంలాంటి మనిషికి ఈ ఏడు ఆఫీసులో సెలవు ఇవ్వలేదు.

“అక్క వస్తానంది, వ్యాన్ నడపడానికి,” అంది చెల్లెలు ఫోన్‌లో.

ఈ ఏడు ప్రయాణమే మానేద్దామా అనిపించింది. తర్వాత తేరుకున్నాను. నడపడానికేగా వచ్చేది, నడపనీ. ఆవిడ వ్యాన్‌లో ఉంటుంది, మేమిద్దరం కొండ మీద ఉంటాం. అంతకంటే ఏం కావాలి? ఆ సెలవు రోజున కార్ఖానా తలుపు తీస్తూ కూనిరాగం కూడా తీశాను.

ఈత మేడమ్ వ్యాన్ తీసుకుని రానే వచ్చింది. వెనక తలుపు తీస్తే లోపల కొత్త మౌంటెన్ బైకు. మా రెండూ కలిపి అమ్మినా దాని ముందు చక్రం రాదు. రోజూ పొద్దున్నే చెరువు గట్టు మీద తొక్కుతోందట. రోజుకొకరం వ్యాన్ నడుపుదాం, మిగతా ఇద్దరం తొక్కుదాం, ఎవరికీ అన్యాయం జరగదు అంది. చెల్లెలు నా వైపు చూసింది. నేను ఏమనగలను? అది న్యాయమైన మాట. న్యాయమైన మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎందుకంటే దానికి ఎదురు చెప్పలేం.

లెక్క వేసుకుంటే తేలిందేమిటి? ఒక రోజు వాళ్ళిద్దరూ కబుర్లాడుకుంటూ పోతుంటే నేను స్టీరింగ్ పట్టుకుని కూర్చోవాలి. ఇంకో రోజు నేనూ ఈత మేడమూ జంటగా తొక్కాలి. ఆ రెండో రోజు తలుచుకుంటే మొదటి రోజే నయమనిపించింది. ఇక నేనూ నా చెల్లెలూ కలిసి తొక్కే రోజు అరిగిపోయిన సబ్బు ముక్కలా మిగిలింది.

దారి గీయడం మొదలుపెట్టాం. చెల్లెలు రూలు వివరించి చెప్పింది. కాసేపటికి ఒక చిన్న దిగుడు ముక్కని అరచేత్తో చెరిపేసింది కూడా. వెంటనే ఈత మేడమ్ నవ్వుతూ, ఏమ్మా, భయమా అని అడిగింది. రూలు ఇంకా ఒంటబట్టలేదు పాపం. చెల్లెలు కూడా నవ్వేసి, గీత వంకరగా పోయిందక్కా, అందుకే చెరిపానని, చెరిపిన ముక్కనే తిరిగి గీసింది.

అది చూసి నా మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళలో అది నా కోసం ఒక్క గీతయినా తిరిగి గీసిందా? ఆవిడ ఒక్క మాట అనగానే గీసేసింది. తర్వాత టీ పోసినప్పుడు కూడా మొదటి కప్పు ఆవిడకే ఇచ్చింది. కప్పు దగ్గరగా ఉంది కాబట్టి ఇచ్చిందనుకోవచ్చు. నేను అలా అనుకోలేదు.

ఆ వారమంతా కార్ఖానాలో గుడ్డ కోస్తూ ఒకటే ఆలోచన. ఆవిడని రావద్దని నేను అనకూడదు. తొక్కలేనని ఆవిడ చేతే అనిపించాలి. అప్పుడు వ్యాన్ ఆవిడది, కొండ మాది. ఎదురుగా ఉన్న కుర్రాళ్ళు రెండుసార్లు, మాస్టరుగారూ, చేతులు చూసుకోండని హెచ్చరించారు.

తర్వాతి సెలవు రోజున, వచ్చీ రాగానే చుట్టి పెట్టిన కాన్వాసు మళ్ళీ పరిచి, సుద్ద తీసుకుని, పోయిన వారం గీసిన నది పక్క దారిని చెరిపేశాను. దాని బదులు పెద్ద కనుమ మీదుగా గీశాను. ఎక్కడం ఊపిరాడనివ్వదు, దిగడం అంతకంటే ఘోరం. అంతా జారే గులకరాళ్ళు, ఒక పక్క లోయ, ఫోన్ పలకదు. గీస్తూ, కాస్త కష్టమే, కొత్తవాళ్ళు ఆ రోజు వ్యాన్ తీసుకోవడం మంచిదేమో అని, ఎటో చూస్తూ అన్నాను.

ఈత మేడమ్ కళ్ళు మెరిశాయి. ఇలాంటి దారి కోసమే ఎదురుచూస్తున్నానంది. నేను పళ్ళు నూరుకుని ఇంకో కనుమ గీశాను. ఆవిడ ఇంకా ముచ్చటపడి, ఆ సుద్ద ఇలా ఇవ్వండి అక్కగారూ అని, మూడోది తనే గీసింది. నా ఎత్తు నా నెత్తికే చుట్టుకుంటోంది. అయినా తగ్గలేదు. మంట మీదున్న మనిషికి ఎక్కడ ఆగాలో తెలియదు, నాకసలే తెలియదు.

చెల్లెలు మాత్రం ఒక్క ముక్క చెరపలేదు. గుండీలు అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. దాని మౌనం నాకు ఆవిడ వైపు మొగ్గులాగే కనిపించింది. నాతో ఉన్నప్పుడు నచ్చనివి చెరిపేసేదిగా, ఆవిడ గీస్తే అన్నీ నచ్చుతాయి కాబోలు అని లోలోపల పుల్లవిరుపుగా అనుకున్నాను.

అప్పుడు చెల్లెలు గుండీలు వదిలేసి తలెత్తింది.

“వ్యాన్ నేను నడుపుతాను. ఒక రోజని కాదు, అన్ని రోజులూ. మీరిద్దరూ తొక్కండి.”

ఈత మేడమ్ ఒప్పుకోలేదు, వంతులంటే వంతులే అంది. చెల్లెలు నవ్వుతూనే, ఆ రోడ్ల మీద బండి నడపడమంటే మాటలా, మీ ఇద్దరికీ నేను తప్ప దిక్కు లేదు అని, ఖాళీ కప్పులు తీసుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు తెలియలేదు. ఏడాదంతా ఎదురుచూసిన ప్రయాణం. అందులో నన్ను తీసుకెళ్ళి ఆవిడకి అప్పజెప్పి చేతులు దులుపుకుందా? లేచి వెనకే వెళ్ళాను. గుడ్డ తానుల మధ్య, కుళాయి దగ్గర, అది కడిగిన కప్పునే కడుగుతోంది. నేను అసలే ఆవేశం మనిషిని. నేనంటే విసుగు పుడితే మొహాన చెప్పు, ఇలా తెచ్చి ఆవిడకి అంటగట్టడం ఎందుకని అడిగేశాను.

అది కుళాయి కట్టలేదు. అవతలికి వినబడకూడదని అలా వదిలేసిందని నాకు కాసేపటికి గానీ తట్టలేదు.

“నిరుడు గులకరాళ్ళ మీద పడ్డాను, గుర్తుందా?”

గుర్తుంది. మోచేయి గీరుకుపోయింది. ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. అత్తవారింట్లో మాత్రం బాత్‌రూమ్‌లో జారానని చెప్పింది.

“అప్పట్నుంచి దిగుడు కనిపిస్తే చేతులు బ్రేకు మీద బిగుసుకుపోతున్నాయక్కా. నేను వదలమన్నా వదలవు. మొన్న మా వీధి చివర పల్లం కూడా దిగి నడిచాను.”

మరి చెరిపేయాల్సింది కదా, అన్నాను.

“ఆవిడ ముందా? మా అత్తగారు రోజూ మా ఇద్దర్నీ తూకం వేస్తారు. జీతంలో ఆవిడ పెద్ద, వంటలో ఆవిడ మెరుగు. చిన్నకోడలికి భయమన్నది లేదు అని ఒక్కటి మాత్రం నా వైపు ఉంది. నాకున్నది అదొక్కటే.”

ఆవిడని ఎందుకు తెచ్చావని అడిగితే, డ్రైవరు లేక ప్రయాణం ఆగిపోతే నువ్వు ఏడాదంతా మొహం మాడ్చుకుంటావని తెచ్చానంది. నేను పోయి ఆ మూడు కనుమలూ ఇప్పుడే చెరిపేస్తానన్నాను. అది తల అడ్డంగా ఊపింది.

“కొండ మీదికి నాతో పాటు ఆవిడ రాకూడదని గీశావు, నాకు తెలుసు. ఇప్పుడు నాతో మాట్లాడి వెళ్ళి చెరిపితే, ఎవరి కోసం చెరిపావో ఆవిడకి తెలియదా? వదిలెయ్.”

కుళాయి కట్టేసి, తడి చేతులు గుడ్డకి తుడుచుకుంటూ అది నా కంటే ముందు బయటికి నడిచింది. నేను తానుల మధ్య నిలబడ్డాను. ఆవిడని తొలగించబోయి నా చెల్లెల్నే తొలగించుకున్నాను. దాని కోసం చెరపడానికి లేదు. మరి ఎవరి కోసమని చెరపాలి? మిగిలింది నేనే. ఈ కార్ఖానాలో నా వల్ల కాదన్న మాట నా నోటి నుంచి ఎవరూ విని ఎరగరు. ఆ మాట ఆ బీరువా భుజాల మనిషి ముందు అనాలంటే, నాకు ప్రాణం మీదికి వచ్చినట్టుంది.

అయినా వెళ్ళి బల్ల ముందు నిలబడ్డాను.

“ఈ కనుమలు నా వల్ల కావండి. నడుం పోయింది. గొప్పకి పోయి గీశాను గానీ, ఈ నొప్పి సంగతి రెండు రోజులుగా చెప్పాలా వద్దా అనే చూస్తున్నాను.”

చెల్లెలు తల తిప్పి నన్ను చూసింది. నేను దాని వైపు చూడలేదు.

ఈత మేడమ్ ఇసుమంతైనా అనుమానపడలేదు. మంచి మనుషులతో ఇదే బాధ. గబగబా నా వెనక్కి వచ్చి, ఇక్కడేనా అని బొటనవేలితో నడుం మీద నొక్కింది. ఆ నొక్కుడికి నిజంగానే నొప్పి పుట్టి, ఇక్కడే అన్నాను. కండరం పట్టేసింది, అశ్రద్ధ చేయకూడదంది. తనే తడి గుడ్డ తెచ్చి మూడు కనుమల్నీ ఒక్కటి మిగల్చకుండా తుడిచేసింది. నది వెంబడి పోయే పాత దారిని తిరిగి గీసింది. పెద్ద ఎక్కుళ్ళు లేవు, దిగుళ్ళు లేవు, వ్యాన్ కూడా పట్టే, చిన్నపిల్లలు కూడా పోగలిగిన దారి. చెల్లెలు ఊపిరి వదలడం నాకు బల్ల ఇవతలికి వినబడింది.

అక్కడితో ఆగినా బాగుండేది.

“ఈ నడుంతో మీరు బైకు ఎక్కకూడదు అక్కగారూ,” అంది ఈత మేడమ్. “అన్ని రోజులూ మీరు వ్యాన్‌లోనే ఉండండి, నేను సీటుకి మంచి దిండు తెస్తాను. మీ చెల్లెలి గురించి బెంగ వద్దు. తనని నేను చూసుకుంటాను.”

చెల్లెలు నోరు తెరిచింది. అది ఏం చెప్పినా మొదటికే మోసం వస్తుంది. నేను బల్ల కింద దాని పాదం మీద కాలు వేసి గట్టిగా తొక్కాను. అది నోరు మూసుకుని, తల వంచుకుని, గుండీలు ఒక్కొక్కటే నది గీత మీద పెట్టుకుంటూ పోయింది. దాని ముక్కు ఎర్రబడింది.

ఈత మేడమ్ వ్యాన్ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. బ్రేకు కాస్త గట్టిగా ఉంటుందని చెప్పింది. పొద్దున్నే మీరు ముందు వెళ్ళిపోయి సాయంత్రం ఆగే చోట విశ్రాంతి తీసుకోండి, మేం మెల్లగా వచ్చి కలుస్తాం అంది.

“ముందు వెళ్ళను,” అన్నాను. “వెనకే వస్తాను. మీరిద్దరూ నాకు కనిపిస్తూ ఉండాలి.”

చెల్లెలంటే మీకు ఎంత ప్రేమండీ అని ఆవిడ మెచ్చుకుంది. అవునన్నాను. నా కడుపు మాత్రం మండుతూనే ఉంది.