కోటు విప్పితే

మేనేజరు వంగి, బాస్కెట్‌బాల్ కోర్టు చెక్కలను వేలికణుపులతో తట్టుకుంటూ వస్తున్నాడు. డొల్లగా మోగినచోట బంతి సరిగా లేవదు. ఆఫీసు తెరవకముందే ఆ పని ముగించడం పదకొండేళ్ల అలవాటు. ఆరడుగుల ఐదంగుళాల మనిషి; ఏ దర్జీ కుట్టినా కోటు చేతులు మణికట్టు దాకా రావు.

ఆ కోటంటే జట్టుకు హడల్. ఆయన దాన్ని విప్పాడంటే ఎవరికో మూడిందన్నమాటే.

ఆటగాడిగా తొమ్మిదేళ్లు గడిపాడు, సగం బెంచీ మీదే. పేరు మోసిన ఆటేమీ కాదు గానీ, ఎగిరి బంతి అందుకుని పక్కవాడి చేతిలో పెట్టడంలో ఆయన్ను మించినవాడు లేడు. ఒకరోజు వచ్చేసరికి తన లాకరు మీద మరొకరి పేరు. ఒక్కరూ నోరు విప్పి చెప్పలేదు. ఆట బూట్లతోనే ఇంటిదాకా నడిచాడు. తర్వాత అదే జట్టుకు స్కోరు రాశాడు, బస్సులు మాట్లాడాడు, శిక్షణ ఇచ్చాడు, చివరికి మేనేజరయ్యాడు. కుర్చీలో కూర్చున్న రోజే ఒట్టు పెట్టుకున్నాడు: తీసేసే మనిషికి తానే చెప్పాలి. కోటు విప్పి, బాస్కెట్ వల కింద నిలబడి, వాడు వేసిన ఇరవై బంతులూ ఏరి అందించి, అప్పుడు చెప్పాలి.

ఈరోజు కొత్త ఏడాది జట్టు జాబితా ఇవ్వాలి. పన్నెండు చోట్లు, పదమూడు మంది. పదమూడోవాడు స్వయానా బావమరిది. ముప్పై ఆరేళ్లు, రెండుసార్లు కోసి కుట్టిన మోకాలు.

"వాణ్ణి ఈ ఒక్క ఏడాదీ ఉంచకూడదా?" పొద్దున్నే భార్య అడిగింది.

"ఉంచితే ఇంకొకడి నోటి దగ్గర కూడు లాగినట్టే."

ఆమె గిన్నెలు కడగడం ఆపలేదు. "అయితే మీరే చెప్పండి. ఇంకెవరి నోటా వినకూడదు వాడు."

ఆఫీసులో మూడుసార్లు కోటు గుండీ పట్టుకున్నాడు, మూడుసార్లూ వదిలేశాడు. ఉంచేస్తే అడిగే నాథుడు లేడు. అదే ఆయన్ను తినేసింది.

సాయంత్రం కోర్టులో బావమరిది ఒక్కడే, మోకాలికి పట్టీ బిగించుకుని బంతులు వేస్తున్నాడు. గుమ్మంలో కోటుతో ఆగిపోయిన బావను చూశాడు. కుంటుకుంటూ వచ్చి చెయ్యి చాచాడు.

"ఇటివ్వు బావా. చెమటకి పాడైతే అక్క నన్ను తిడుతుంది."

మేనేజరు చేతులు పక్కలకు వదిలేశాడు. బావమరిదే గుండీలు విప్పి, కోటు తీసి, గోడ కొక్కేనికి తగిలించాడు.

"ఇరవై అంటే ఇరవై. ఎగ్గొడితే ఊరుకోను," అన్నాడు వాడు.

"లెక్క నువ్వే పెట్టు."

ఇరవయ్యోది అంచుకు తగిలి బయటికి ఎగిరింది. యాభై రెండేళ్ల మేనేజరు గాల్లోకి లేచి దాన్ని పట్టుకుని, వాడి చేతుల్లోకే విసిరాడు.

"మళ్లీ వెయ్యి."

"లెక్క తప్పుతుంది బావా."

"తప్పనీ."

ఈసారి బంతి వలలోంచి జారింది.

"జాబితాలో నీ పేరు లేదురా."

"తెలుసు."

"అయినా నేను చెప్పాలి."

"చెప్పావుగా. అక్కకి మాత్రం నేను చెబుతా. రాత్రి భోజనానికి వస్తున్నానని కూడా."

మేనేజరు కళ్లు నిండాయి, దాచుకోలేదు. వాడు వెళ్లాక ఒక్కొక్క బంతీ ఏరి సంచిలో సర్దాడు. కోటు కోసం కొక్కెం దగ్గరికి వెళ్లాడు. కోటు పక్కనే వాడి మోకాలి పట్టీ వేలాడుతోంది, ఇంకా తడిగా, మోకాలి వంపు చెదరకుండా.