కంటికి కనబడని నాలుగు లైన్లు

"గళ్ళు గీసినందుకు కూడా జీతమిస్తారా అమ్మాయ్?" అని అత్తగారు అడగని రోజు లేదు. ఆ ప్రశ్నతోనే ఆ ఇంట్లో తెల్లవారేది. కోడి కూయకపోయినా ఫరవాలేదు. కోడలు నవ్వి ఊరుకుని, కాఫీ మరకలు తుడిచి, తడి ఆరాక భోజనాల బల్ల మీద ఓ మూల లాప్‌టాప్ తెరిచేది.

ఆ బల్ల సామాన్యమైంది కాదు. పొద్దున్న భోజనశాల, ఆ తర్వాత ఆఫీసు, మధ్యాహ్నం మళ్ళీ భోజనశాల, ఎండ తగ్గాక ఇస్త్రీ కొట్టు, చీకటి పడితే భర్తగారి స్నేహితులకి పేకాట క్లబ్బు. ఇన్ని వేషాలు కట్టిన నటుడు ఏ నాటకాల కంపెనీలోనూ పుట్టలేదు. వేషం మారే ప్రతిసారీ పాత రంగు కడిగేది ఆమె ఒక్కతే. కడిగినట్టు ఎవరికీ తెలిసేది కాదు. తెలియకపోతేనే కడగడం కుదిరినట్టు.

ఇంతకీ ఆమె పని, ఒక ఫర్నిచర్ షాపు మొబైల్ యాప్‌లో సరుకంతా గళ్ళు గళ్ళుగా కనబడే తెర కట్టడం. రెడీమేడ్ గడిలో బొమ్మా పేరూ తప్ప ఇంకేమీ పట్టవు. షాపావిడకి కొలతలు కావాలి, గుండె గుర్తు కావాలి, సరుకు అయిపోతే మూలకి అడ్డంగా 'అమ్ముడుపోయింది' అనే ఎర్ర పట్టీ కావాలి. అందుకని గడిని ఆమె పునాది నుంచీ సొంతంగా కట్టింది. ఫోనేమో మహా పిసినారి. వెయ్యి కుర్చీలున్నాయి కదా అని వెయ్యి గళ్ళు చెయ్యదు. తెరకి పట్టినన్ని చేసుకుని, పైకి జరిగి కనుమరుగైన గడినే లాక్కొచ్చి, కింద కొత్త సరుకుతో కూర్చోబెడుతుంది. అలా కూర్చోబెట్టే ముందు పాత ఆనవాళ్ళు తుడిచెయ్యమని ఆమె నాలుగు లైన్లు రాసింది. బల్ల తుడిచిన చెయ్యి కదా, ఒకరు నేర్పక్కర్లేకపోయింది.

పని పూర్తయిన రోజు భర్తకి చూపించింది. ఎవరికో ఒకరికి చూపించాలిగా. ఆయన వేలితో పైకీ కిందికీ జరిపి, "బాగానే జరుగుతోంది. ఇందులో నువ్వు చేసిందేముంది?" అన్నాడు. ఆమె ఫోను తీసుకుని వంటింట్లో నిలబడి, తన గళ్ళని తానే కాసేపు జరుపుకుంది. ఒక్కటీ తడబడలేదు. ఎంత బాగా చేశావే అని పైకే అనుకుంది. కుక్కరు ఈల వేసింది. ఆ ఇంట్లో ఆమెకి దక్కిన మెప్పు అదే.

షాపావిడకి చూపించే రోజు వచ్చింది. ఆవిడకి నచ్చితే తెరల పనంతా ఆమెకే అప్పగించి, ఆఫీసులో కిటికీ పక్క కుర్చీ ఇస్తానని మేనేజరు అన్నాడు. ఆమెకి పెత్తనం మీద కన్నా ఆ కుర్చీ మీద ప్రాణం. పక్కకి తిరిగి 'ఇది చూడు' అంటే చూసే మనిషి ఒకరుంటారని. భర్తని అడిగితే, ఆ గళ్ళేవో ఇంట్లోనే గీసుకోవచ్చుగా, అమ్మనెవరు చూస్తారన్నాడు. అమ్మకేం, రాళ్ళు తిని అరిగించుకోగలదు.

ఆ ఉదయమే టీమ్ లీడ్ ఫోన్ చేశాడు. ఎవరు రాసింది కనబడినా కత్తిరించనిదే అన్నం సహించదని అతన్ని ఆఫీసులో కత్తెరగారంటారు. "మేడమ్, ఈ నాలుగు లైన్లూ ఏ పనీ చెయ్యట్లేదు. తీసేశాను. తెర అలాగే ఉంది చూడండి," అన్నాడు. కాదండీ, బాగా కిందికి జరిపి చూడండని ఆమె చెప్పబోతుండగానే వేణ్ణీళ్ళేవని అత్తగారు కేకేసింది. అందించి వచ్చేసరికి ఫోను కట్టయింది. మళ్ళీ చేస్తే అతను ఎత్తలేదు. అంతలో మీటింగు వేళయింది.

మీటింగు వీడియోలో జరిగింది. ఆమె బల్ల దగ్గర, సెలవు పెట్టిన భర్త వెనక సోఫాలో. షాపావిడ తన ఫోనులో తెర జరిపింది. మొదట ఒక మంచం మీద ఎర్ర పట్టీ కనబడింది. అది నిజమే, ఆ మంచం అయిపోయింది. జరిపేకొద్దీ పట్టీ బీరువా మీదికి దూకింది, అక్కణ్ణుంచి ఊయల మీదికి, ఆ పైన తట్టు పోసినట్టు సరుకంతా ఎర్రబడింది.

"ఏమండీ, నాకు తెలీకుండా నా షాపంతా ఎవరు కొనేశారు?" అంది ఆవిడ.

కత్తెరగారు గొంతు సవరించుకున్నాడు. "ఆవిడ ఇంటి నుంచి చేస్తారండీ. ఇంటి పనుల్లో పడి ఇలాంటివి మర్చిపోతుంటారు."

నేను ముందే అనుకున్నానని సోఫా గొణిగింది.

క్షమించండి అనే మాట ఆమె నాలుక చివర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. కూర మాడినా, వాన కురిసినా, ఆయన తాళాలు ఆయనే పారేసుకున్నా ఆ మాట ఆమే అనేది. ఈసారి కూడా పళ్ళదాకా వచ్చి ఆగింది. ఏ పనీ చెయ్యట్లేదు. పొద్దున్న కత్తెరగారన్న ఈ మాట ఇంకెక్కడ విన్నాను? ఎక్కడేమిటి, రోజూ వింటున్నదే. పొద్దస్తమానం ఇంట్లోనేగా, ఏం చేస్తుంటావని ఆయన. మా రోజుల్లో ఇలా కూర్చుంటే సాగేదా అని అత్తగారు. తుడిచినన్నాళ్ళూ తుడిచేవాళ్ళు కనబడరు. మానిన రోజున కనబడతారు, అదీ దోషుల్లా.

"మర్చిపోలేదండీ. పాతది తుడిచే లైన్లు నేను రాశాను. పొద్దున్న వాటిని తీసేశారు. మళ్ళీ పెట్టి పంపిస్తాను, కాసేపు ఆగండి," అంది.

ఆ నాలుగు లైన్లూ మళ్ళీ పెట్టి పంపింది. ఆ కాసేపూ కత్తెరగారికి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. కొత్త యాప్ తెరిస్తే పట్టీ ఒక్క మంచం మీదే ఉంది. షాపావిడ ఎంత జరిపినా కదల్లేదు. ఆవిడ సంతోషించి వెళ్ళిపోయింది. కుర్చీ సంగతి సాయంత్రంలోగా చెప్పమని మేనేజరూ వెళ్ళిపోయాడు. ఒక్కొక్క మొహమే ఆరిపోయి, నల్లటి తెరలో ఆమె మొహం ఒక్కటే మిగిలింది. వెనక్కి తిరిగింది, ఆయన ఏదైనా అంటాడేమోనని.

"భోజనం పెడతావా?" అన్నాడు.

పెట్టింది. వాళ్ళు తిని లేచారు. ఆమె ఆఖర్న ఒక్కతే కూర్చుని తింది. గిన్నెలు తీసింది. తుడిచే గుడ్డ చేతిలోకి తీసుకుని, కాసేపు అలాగే నిలబడి, మళ్ళీ గట్టు మీద పెట్టేసింది.

సాయంత్రం ఆయన పేకముక్కలు పరవబోతే మోచెయ్యి బల్లకి అతుక్కుంది. "ఇదేంటి, బల్లంతా మరకలు?" అన్నాడు. ఆ బల్ల కొన్నాక ఆయన దాన్ని చూడటం అదే మొదటిసారి.

"ఏ పనీ చెయ్యట్లేదని అంటుంటారుగా. మానేస్తే ఎలా ఉంటుందో చూద్దామని," అంది ఆమె, లాప్‌టాప్‌ని సంచిలో సర్దుతూ. "గుడ్డ గట్టు మీద ఉంది. సోమవారం నుంచి ఆఫీసులోనే కూర్చుంటానని చెప్పేశాను."