రెట్టలనుకుని వదిలేసిన వరుస

చొక్కాల ఫ్యాక్టరీ వెనక, ప్రహరీగోడకూ మా చెకింగ్ షెడ్డుకూ మధ్య సన్నని ఖాళీ స్థలం ఉంది. మధ్యాహ్నం నాలుగు ముద్దలు తినడానికీ, కాసేపు నడుం వాల్చడానికీ మా ఆడవాళ్లకు ఉన్నది అదొక్కటే. దాని మీద మేనేజరు కన్ను పడింది. సిమెంటు చేయించి కార్లు పెట్టిస్తాడట. కార్లు ఎండకు మాడిపోతున్నాయట. మనుషులు మాడితే పరవాలేదు కాబోలు!

పని ఆపి అక్కడే బైఠాయించాం. ఆయన నవ్వి మెలిక పెట్టాడు.

"వానలు తగ్గాక చొక్కాలు కొనే కంపెనీ వాళ్లొస్తారు. వాళ్లకు చూపించడానికి సీతాకోకచిలుకల తోట వేయండి. అవి వస్తే స్థలం మీది. రాకపోతే సిమెంటే."

"అందరి ముందూ అన్నారు సార్. తర్వాత నాలిక మడతేస్తే ఊరుకోం" అంది కత్తెర. చేతిలో ఉన్నదాని కంటే నోట్లో ఉన్నది పదును. అందుకే ఆ పేరు.

బంతి వేశాం, నిమ్మ వేశాం. మనిషికో వరుస. నిమ్మ చిగురేసిందో లేదో పురుగు పట్టింది. మేం చెకింగ్ వాళ్లం. చొక్కాకు ఒక్క పోగు వేలాడినా మా కళ్లు ఒప్పుకోవు. టీ విరామంలో ఆకు ఆకూ తిరగేసి చూశాం. గుడ్లను గోటితో గీకేశాం. పురుగులను ఏరి నలిపేశాం. తోట ఇస్త్రీ చేసిన చొక్కాలా తయారైంది. సీతాకోకచిలుక మాత్రం ఎప్పుడో ఒకటి వచ్చి, బంతిపూల మీద వాలి, గోడ దాటి తన దారిన తాను పోయేది.

అత్త వరుస ఒక్కటే ఆకులన్నీ చిల్లులు పడి జల్లెడలా ఉంది. షెడ్డులో అందరికంటే పెద్దది కాబట్టి అందరికీ అత్తే. కళ్లద్దాలు సోడా సీసా అడుగంత మందం.

"ఏంటత్తా ఇది? మేనేజరు చూస్తే మన పరువేం కాను?" అని కత్తెర విరుచుకుపడింది. "ఆకుల నిండా ఆ మచ్చలేంటి?"

"పిట్ట రెట్టలే. ఎరువు కదా అని ఉంచా."

"కొమ్మకి ఏవో దారాలతో కట్టేసున్నాయి, కత్తిరించేయనా?"

"నా వరుసలో నీ చెయ్యి పెట్టావంటే చూడు! నీ చొక్కాలు నువ్వు చూసుకో, నా చెట్లు నేను చూసుకుంటా."

వానలు తగ్గాయి. కంపెనీ వాళ్లొచ్చే రోజు దగ్గరపడింది. ఓ పొద్దున సిమెంటు బస్తాలతో ట్రాలీ వచ్చి నిలబడింది. వెనకే మేనేజరు.

"ఏవమ్మా మీ చిలుకలు? ఎగిరిపోయాయా?"

ట్రాలీతో వచ్చిన కూలీ పలుగు పట్టుకుని అత్త వరుస దగ్గర వంగి, టక్కున వెనక్కి జరిగాడు.

"సార్, ఇక్కడేదో కదులుతోంది."

కొమ్మకు కట్టేసినట్టున్న గూడు చీలింది. నలిగిన గుడ్డముక్కలాంటిది బయటికొచ్చి వేలాడింది. చూస్తుండగానే రెక్కలు సాగాయి. నలుపు మీద పసుపు మచ్చలు. పక్క కొమ్మకు ఇంకొకటి. ఆ కింద ఇంకొకటి. ఆ వరుసంతా కదులుతోంది!

"అయితే ఆ రెట్టలు..." అంది అత్త, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

"పిల్ల పురుగులత్తా! మేం ఏరి చంపినవి ఇవే!" కత్తెర నెత్తి కొట్టుకుంది. "పిల్లల్ని చంపుకుంటూ తల్లులు రాలేదేమని ఏడ్చాం. మన చెకింగ్ తగలెయ్య!"

నవ్వలేక చచ్చాం. మొదటిది ఎండలో రెక్కలు ఆరబెట్టుకుని లేచి, వెళ్లి వెళ్లి మేనేజరు భుజం మీద వాలింది. ఆయన దులుపుకోబోయాడు.

"చెయ్యి దించండి సార్! మీరడిగినవే వచ్చాయి" అని అందరం ఒక్కసారే అరిచాం. ఫ్యాక్టరీలోంచి కుట్టుమిషన్ల వాళ్లు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. మాట తప్పడానికి ఆయనకు సందు దొరకలేదు.

"సరే, సరే. స్థలం మీదే."

"గట్టిగా సార్, వెనకవాళ్లకు వినపడలేదు!"

"మీదే!"

ట్రాలీవాడు బండి తిప్పబోయాడు. కత్తెర వెళ్లి అడ్డం నిలబడింది.

"ఎక్కడికి? బస్తాలు దించు. మా బాత్‌రూమ్ నేల పగిలి ఎన్నాళ్లయిందో సార్‌కి తెలీదు. ఇవాళ తెలుసుకుంటారు."

సాయంత్రానికి బాత్‌రూమ్‌లో కొత్త నేల వేయడం అయిపోయింది.