కుంకుమ అంటిన మడతబందు

నేను ఒక మడతబందును. నవ్వకండి. రాజుగారి కత్తో, రాణిగారి హారమో తన కథ చెప్పుకుంటే చెవులు రిక్కించి వింటారు కదా, బండి తలుపును పట్టి ఉంచే ఇనుప కీలు నోరు విప్పితే మాత్రం లోకువా? పోనీలెండి, లోకువ నాకు అలవాటే. తలుపు బాగా తెరుచుకున్నంత కాలం నేనొకణ్ణి ఉన్నానని ఎవరికీ తెలియదు. కిర్రుమన్న రోజున అందరికీ గుర్తొస్తాను, అదీ తిట్టడానికి.

పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో. అంతకుముందు ఒక లారీ కింద కమాను పట్టీగా ఉండేవాణ్ణట. ఆ లారీ తుక్కైపోయాక నన్ను కొలిమిలో కాల్చి, సాగగొట్టి, ఈ రూపానికి తెచ్చినవాడు లక్కోజు వీరాచారి. వ్యాన్లకూ బస్సులకూ బాడీలు కట్టే షెడ్డు ఆయనది. ఆయనకు మాట తక్కువ. ఆయన భార్య కనకరత్నం ఇద్దరికీ సరిపడా మాట్లాడేది. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. మాట పోలేదు, అదొక్కటీ దేవుడి దయ. కానీ గుమ్మం దాటడం మానేసింది.

అందుకు కారణం కాలు కాదు, బండి. వాళ్లకొక పాత వ్యాను ఉండేది. దాని తలుపు సగం తెరుచుకుని దారికి అడ్డంగా నిలబడేది, చెయ్యి వేస్తే ఊగిపోయేది. ఇక ఆవిణ్ణి మనుషులే ఎత్తి దించాలి. ఒకసారి ఆసుపత్రి ముందు అలా దించుతుంటే కుచ్చిళ్లు చెదిరాయి, పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ నిలబడి చూశారు. ఇంటికొచ్చాక ఆవిడ మొగుడి మొహం మీదే చెప్పేసింది.

“నేనేమన్నా బియ్యం బస్తానా, ఎత్తి దించటానికి? ఇంక నన్ను ఎక్కడికీ తీసకెళ్లకండి.”

వీరాచారి మర్నాటి నుంచి కొలిమి దగ్గర కూర్చున్నాడు. నాకు ముందు పుట్టినవాళ్లు చాలామంది షెడ్డు మూలన తుక్కులో కలిశారు. చివరికి కుదిరింది మేమిద్దరం. తలుపుకు పైన మా అన్న, కింద నేను. మా పనితనం చెప్పనా? తలుపును ముందు జానెడు బయటికి జరుపుతాం, తర్వాత బండి పక్కకు ఆనించి వెనక్కి తీసుకెళతాం. ఎక్కడ ఆపితే అక్కడ పళ్లు కరుచుకుని నిలబడతాం. నిండు మనిషి బరువంతా వేసినా తలుపు కదలదు. దాన్ని పట్టుకుని మెల్లగా దిగిపోవచ్చు.

ఆటోనగర్‌లో ఆయుధపూజ సంగతి మీకు తెలియకపోతే చెబుతాను. మిషన్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొడతారు. ఆ ఏడాది ఏ షెడ్డులో ఏం కొత్తది చేసినా ఆ రోజు బయట పెట్టాలి. చుట్టుపక్కల మేస్త్రీలంతా వచ్చి లాగి, గుంజి, వంకలు పెట్టి, చివరికి శభాష్ అనాలి. వాళ్లు చెయ్యి వెయ్యని పనికి అక్కడ విలువ లేదు. దాచుకుంటే, వీడి పనిలో ఏదో లోపం ఉందిరా అనుకుంటారు.

ఆ రోజు వ్యానులో కూర్చున్న కనకరత్నం వంగి, నా కీలు మీద కుంకుమ పెట్టింది. అది నూనెలో కలిసి కీలు సందులో అతుక్కుపోయింది. తర్వాత తలుపు పట్టుకుంది. వీరాచారి చెయ్యి చాచబోతే కసురుకుంది. ఆవిడ బరువు తలుపు మీదుగా నా మీదికి వచ్చింది. నేను బిగబట్టుకున్నాను. ఒక కాలు, తర్వాత రెండోది నేలను తాకాయి.

పక్క షెడ్డు మస్తాన్ ఈల వేశాడు. “వదినా, అదరగొట్టావ్! మళ్లీ ఓసారి ఎక్కి దిగవా, ఫోటో తీస్తాను.”

“ఏం, టిక్కెట్టు పెట్టమంటావా?” అంటూనే ఆవిడ మళ్లీ ఎక్కింది, మళ్లీ దిగింది. అబ్బ, ఆ నవ్వు! నా ఇనుప బతుకులో అంత సంతోషం మళ్లీ చూడలేదు.

“ఆచారిగారూ, దీనికి పేటెంటు తీసుకోండి. లేపోతే ఎవడో ఒకడు కొట్టేస్తాడు,” అన్నాడు మస్తాన్.

“వానలకి తడవని ఇనుముకి అప్పుడే పేరేంటయ్యా? తడవనీ, చూద్దాం,” అన్నాడు వీరాచారి.

“పేరంటూ పెడితే నాదే పెట్టాలి. కనకరత్నం కీలు. నాకు మాటివ్వండి,” అంది ఆవిడ. ఆయన తలూపాడు.

వానలు వచ్చాయి, వెళ్లాయి, మళ్లీ వచ్చాయి. నేను తుప్పు పట్టలేదు. ఆవిడ రైతుబజారుకు తిరిగింది, సినిమాలకు తిరిగింది, చెల్లెలి ఇంటికి వెళ్లి పోట్లాడి కూడా వచ్చింది. అప్పుడుగానీ వీరాచారి పేటెంటుకు దరఖాస్తు పెట్టలేదు. అది ఇంకా నలుగుతుండగానే కనకరత్నం మళ్లీ పడిపోయింది. ఈసారి లేవలేదు. ఇక ఆయనకు మిగిలింది ఇచ్చిన మాట ఒక్కటే.

ఇంతలో బండి సామాన్లు చేసే ఒక పెద్ద కంపెనీ అభ్యంతరం పెట్టింది. మస్తాన్ తీసిన ఫోటోను మేస్త్రీల సంఘం క్యాలెండరు మీద అచ్చేయించింది. అది వాళ్ల చేతికి చిక్కింది. మా దరఖాస్తు పని చూసే ఏజెంటు ఉదయశంకర్ షెడ్డుకు వచ్చి తల పట్టుకున్నాడు.

“పేటెంటు ఇవ్వాలంటే వస్తువు కొత్తదై ఉండాలండీ. దరఖాస్తుకి ముందే లోకమంతా చూసేస్తే ఇక కొత్తదెలా అవుతుంది?”

“కొత్త పెళ్లికూతుర్ని ఊరంతా చూస్తే పాతదైపోద్దాండీ?”

“చట్టం పెళ్లిళ్లకి రాదు ఆచారిగారూ.” గొంతు తగ్గించాడు. “ఒక దారుంది. ఫోటోలో కీలు కనబడట్లేదు, అమ్మగారి కొంగు అడ్డమొచ్చింది. ఆ రోజు ఉన్నది మామూలు బందేననీ, మనుషులే పట్టుకుని దించారనీ చెప్పండి. ఇది ఆ తర్వాత చేశానంటే సరిపోతుంది. చూపించేముందు ఆ కుంకుమ మరక మాత్రం తుడిచెయ్యండి.”

విచారణలో చూపించడానికి నన్ను ఊడదీశారు. మా అన్న ఒక్కడే తలుపు మొయ్యలేక వంగిపోయాడు. దాన్ని తాడుతో కట్టారు. బయలుదేరే ముందు వీరాచారి గుడ్డను కిరసనాయిల్లో ముంచి నా దగ్గరికి తెచ్చాడు. ఆ వాసన నాకు తగిలింది. చాలాసేపు అలాగే కూర్చుని, ఆ గుడ్డతో తన చేతులే తుడుచుకుని, నన్ను తువ్వాల్లో చుట్టాడు.

విచారణ చేసే అధికారిణి నన్ను తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూసింది. “చాలా బాగా చేశారండీ,” అంది. అంతలోనే నా కీలు సందులోకి చూసింది. “ఇదేంటి, ఎర్రగా?”

“కుంకుమండీ. మా ఆవిడ పెట్టింది.”

“ఎప్పుడు?”

ఏజెంటు దగ్గాడు. దరఖాస్తు పెట్టాక అంటే సరిపోయేది. ఆ మాట అనడానికి నాలుక కదిపితే చాలు, కనకరత్నం పేరు నా మీద ఉండిపోయేది.

“ఆయుధపూజ నాడండీ. ఆ ఫోటోలో ఉంది ఆవిడే. పట్టుకున్న తలుపు దీందే.”

“ఆచారిగారూ, సరిగ్గా గుర్తుచేసుకుని చెప్పండి,” అన్నాడు ఏజెంటు.

“గుర్తుండబట్టే చెప్తన్నానండీ. ఆ రోజు ఆవిణ్ణి ఎవరూ ఎత్తి దించలా. తనంతట తనే దిగింది. ఎత్తి దించారని నేనే అంటే, ఆవిడుంటే నన్ను బతకనిచ్చేదా?”

పేటెంటు రాలేదు. ఎవరికీ హక్కు లేని వస్తువు అందరిదీ అయిపోతుంది కదా, ఆ కంపెనీవాళ్లూ చేశారు, ఇంకొకళ్లూ చేశారు. నా పోలికవాళ్లు ఇప్పుడు ఊరూరా తిరుగుతున్నారట. ఒక్కడూ నన్నెరగడు. వ్యాను తుక్కుకు పోయింది, దాంతోపాటే మా అన్నా పోయాడు. నన్ను మాత్రం వీరాచారి సొరుగులో పెట్టుకున్నాడు. ఒక రేకు బండిని పట్టుకోవాలి, ఒక రేకు తలుపును పట్టుకోవాలి, అదే నా బతుకు. రెండూ లేకుండా పడి ఉన్నాను. దిగులుగా ఉంటుందండీ, ఇనుమైతే మాత్రం ఉండదా?

మొన్నొక వ్యాను రిపేరుకు వచ్చింది. తలుపు కిర్రుమంటోందట. చప్పుడు వినగానే నాకు తెలిసిపోయింది, అది నా పోలికవాడే. వీరాచారి నూనె వేశాడు. లోపల కూర్చున్న పెద్దావిడ తలుపు పట్టుకుని దిగుతోందని ఆ మూలుగును బట్టి, ఆ ఆయాసాన్ని బట్టి గ్రహించాను.

“ఎవరు కనిపెట్టారో గానీ నాయనా, వాళ్ల కడుపు చల్లగుండ! మంచాన పడ్డదాన్ని, బజారు మొహం చూస్తున్నాను,” అంది ఆవిడ.

చెప్పవయ్యా మహానుభావా, నేనేనని చెప్పు! సొరుగులో నేను గింజుకున్నాను.

“ఎవరైతే ఏంలేమ్మా,” అన్నాడు వీరాచారి. “మొట్టమొదట ఈ తలుపు పట్టుకుని దిగింది మాత్రం మా కనకరత్నం.”

“ఎవరూ సాయం పట్టకుండానే?”

“ఎవరూ పట్టలేదమ్మా. నన్ను కూడా పట్టనివ్వలా.”

వ్యాను వెళ్లిపోయాక ఆయన సొరుగు తెరిచి నన్ను బయటికి తీశాడు. నూనె గుడ్డతో ఒక రేకు తుడిచాడు, రెండో రేకు తుడిచాడు. కీలు సందు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆపేశాడు. అక్కడ ఎప్పుడూ తుడవడు.