ఇర్మీనా రెండో నాన్న

"పిల్ల బంధువులు ఇంకెవరైనా మిగిలారా?" అని నర్సు అడిగింది.

బెంచీ మీంచి అక్రోరా లేచాడు. "నేనున్నాను. పిల్ల నాన్నని."

"నాన్నకి మజ్జ పరీక్ష ఎప్పుడో చేశాం కదయ్యా. సగమే కలిసింది."

"ఆయన మొదటి నాన్న. నేను రెండో నాన్నని."

నర్సు నవ్వింది. పక్కనే ఉన్న మొదటి నాన్న అష్కైరా నవ్వలేదు. "పిల్ల కడుపులో ఉన్నన్నాళ్లూ నాతోపాటు ఇతనూ చేపలు తెచ్చాడమ్మా. ఇద్దరు మగవాళ్లు బీజం పోస్తేనే మా బారీ తెగలో కడుపులో పిల్లలు గట్టిపడతారు."

"మరి మూడో నాన్న?"

"మా ఆవిడ ఇద్దరితో సరిపెట్టుకుంది."

ఇర్మీనాకు తొమ్మిదేళ్లు. ఆమె ఎముకల్లో మజ్జ రక్తం తయారు చేయడం మానేసింది. సరిపోయే మజ్జ దొరక్కపోతే వానలదాకా బతకదన్నారు. ఆ ఆసుపత్రిలో బంధువులకే పరీక్ష చేస్తారు. నర్సు "తండ్రి" అని రాసి అక్రోరా రక్తం తీసింది.

ఎనిమిది రోజులు అతను మరకైబో నగరపు ఎండలో, ఆసుపత్రి ఆవరణలోని వేపచెట్లకు ఊయల కట్టుకుని పడుకున్నాడు. కన్ను మూస్తే నది. చేపలు పట్టడానికి మగవాళ్లు ఎగువన రాళ్లు అడ్డుకట్టగా పేరుస్తున్నారు, ఆడవాళ్లు దిగువన. మధ్యలో నీళ్లు తగ్గుతున్నాయి. ఆ నీళ్లు ఇర్మీనా చేతి నరంలోంచి పోతున్నాయి. అతను రాయి మీద రాయి పెడుతూనే ఉన్నాడు.

తొమ్మిదో రోజు డాక్టరమ్మ అతన్నీ పిల్ల తల్లినీ పిలిచింది. "ఎవరు మనవాళ్లో ఎవరు పరాయివాళ్లో ఒంటికి తెలియడానికి కణాల మీద గుర్తులుంటాయి. మీకూ పిల్లకూ అన్నీ కలిశాయి. కానీ వేరే పరీక్షలో మీరు తండ్రి కాదని తేలింది."

"మరెలా కలిశాయి?"

"మీ వాళ్లలో ఆ గుర్తులు కొన్ని రకాలే ఉన్నాయి. ఎప్పుడో కొద్దిమంది నుంచే మీరంతా వచ్చారు."

"మా దేవుడు సబసేబా అనాసపళ్లు కోస్తే వాటిలోంచి మేం బయటికొచ్చాం. ఎన్ని కోశాడో తెలీదు."

"తక్కువే కోసి ఉంటాడు," అంది డాక్టరమ్మ. కాగితంలో బంధుత్వం రాసే చోట వేలు పెట్టింది. "బంధువు కాదంటే పైవాళ్లు సంతకం పెట్టరు."

తల్లి నివియా కుర్చీ ముందుకు జరిపింది. "కడుపు నాది డాక్టరమ్మా. ఇద్దరని నేను చెప్తుంటే కాగితాన్ని అడుగుతారేం?"

డాక్టరమ్మ కలం తీసి "తల్లి చెప్పిన ప్రకారం, రెండో తండ్రి" అని రాసింది. పైవాళ్లు సంతకం పెట్టారు.

మజ్జ ఎక్కించిన పంతొమ్మిదో రోజున ఇర్మీనా రక్తంలో కొత్త కణాలు కనిపించాయి. అవి అక్రోరా ఎముకల్లోంచి వచ్చినవని డాక్టరమ్మ చెప్పింది. అప్పటికే పిల్ల మందు ఉమ్మేసి గోడవైపు తిరిగి పడుకుంది.

"ఇంక దాని మొండితనం నీదేనయ్యా," అన్నాడు అష్కైరా. "వెళ్లి నువ్వే తాగించు."