శౌరమ్మకు తిరిగిన ఫ్యాను

భవానీపురంలో కాశిం కొట్టు తెరవగానే చేసే మొదటి పని, పైన ఇనపకమ్మీకి వేలాడే పడవ ఫ్యాన్లను కిరసనాయిలు గుడ్డతో తుడవడం. ఇంజను నడిస్తే పడవ అడుగున నీళ్ళలో తిరిగే ఫ్యాన్లు అవి. ఎంత గాలి వీచినా కదలవు. మనిషి కొట్టులో అడుగు పెడితే మాత్రం, అతని పడవకు సరిపోయేది దానంతట అదే తిరుగుతుంది. కాశిం దాన్నే దింపి, కాగితం చుట్టి ఇస్తాడు. కొనేవాళ్ళు ధర విని ఆశ్చర్యపోతారు గానీ, తిరిగినందుకు కాదు.

తొంభై ఎనిమిది ఎండాకాలంలో ఎదురుమొండి నుంచి ఏసుపాదం వచ్చాడు. పాత ఫ్యాను ఇసుక మేటకు తగిలి రెక్క విరిగింది. పడవ కదిలితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. చల్లపల్లి మీదుగా బస్సులో దారంతా దగ్గుతూనే వచ్చాడు. భార్య శౌరమ్మను బయట నీడలో కూర్చోబెట్టి లోపలికి వెళ్ళాడు.

ఏ ఫ్యానూ కదల్లేదు.

కాశిం మాటల్లోకి దింపాడు. సముద్రం పోటు తగ్గి నీళ్ళు తీసినప్పుడు మీ పాయలో లోతెంత అని అడిగాడు. మొలలోతు, కొన్నిచోట్ల మోకాలే అన్నాడు ఏసుపాదం. అయినా పెద్ద ఫ్యానే కావాలట, చేపల వేలానికి అందరికంటే ముందు చేరాలట. పెద్దదైతే బురద తవ్వుతుందనీ, లోతు లేనిచోట చిన్నదే, అదీ వెడల్పు రెక్కలదే నడుస్తుందనీ కాశిం నచ్చజెప్పాడు. చెబుతున్నంతసేపూ పైకి చూడకుండా ఉండటానికి అవస్థపడ్డాడు. ఇదివరకు ఒకతనికి ఇలాగే ఏదీ తిరగలేదు, అతను మళ్ళీ పడవ ఎక్కకుండానే చనిపోయాడు. ఆ సంగతి రేవుల్లో అందరికీ తెలుసు. ఏసుపాదానికీ తెలుసు.

ఇంత ఆలస్యమేమిటని శౌరమ్మ గుమ్మం దాటింది. మూలనున్న చిన్న మూడు రెక్కల ఫ్యాను మెల్లగా తిరగసాగింది.

ముగ్గురూ చూశారు. శౌరమ్మ వెళ్ళి దాన్ని రెండు చేతులా పట్టుకుని ఆపింది. వదిలితే మళ్ళీ తిరిగింది.

"ఇది మాకొద్దు సాయిబు గారూ," అంది.

"అదే ఇవ్వండి," అన్నాడు ఏసుపాదం.

వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు చుక్కాని పట్టరు. ఫ్యాను బిగించిన రోజు నుంచి ఏసుపాదం మాత్రం భార్యను వెనక కూర్చోబెట్టి, తను ముందు గెడతో లోతు చూడసాగాడు. రేవులో ఒకరిద్దరు నవ్వబోయారు గానీ, కొట్టులో జరిగింది తెలిశాక నోళ్ళు మూసుకున్నారు. ఎక్కడ ఇంజను తగ్గించాలో, నీటి రంగు చూసి ఎటు తిప్పాలో అతను ఓపిగ్గా చెప్పేవాడు. ఆమె తిన్నగా మేట మీదికే తోలేది. కుడికి అని చెబితే ఎడమకు తిప్పేది. చిన్నప్పటి నుంచీ ఆ పాయలో పీతలు పట్టిన మనిషికి మేట ఎక్కడుందో తెలియదా? తను నేర్చుకోనంతకాలం అతను పోడని ఆమె ఆశ. అతనికీ అది అర్థమైంది, తిట్టలేదు. బురదలోకి దిగి పడవను నెట్టేవాడు. నెట్టిన ప్రతిసారీ ఇంకాస్త నీరసించేవాడు, పాపం.

వానలు పడబోయే ముందు ఒక మధ్యాహ్నం దగ్గు తెర వచ్చి నెత్తురు పడింది. గెడ చేయిజారింది. నీళ్ళు తీస్తున్నాయి, ఇంకాసేపుంటే పాయంతా బురదే. శౌరమ్మ అతని వైపు ఒకసారి చూసి చుక్కాని బిగించి పట్టుకుంది. మడచెట్ల మలుపులో వేగం తగ్గించింది. తెల్లగా మెరిసే నీళ్ళను తప్పించి, నల్లటి నీళ్ళ వెంటే పడవను తోలింది. ఫ్యాను ఎక్కడా నేల తాకలేదు. రేవులో ఇంజను ఆపి, వెళ్ళి అతని తల ఒళ్ళోకి తీసుకుంది.

"వచ్చేసిందే నీకు," అన్నాడు ఏసుపాదం తృప్తిగా.

"రాలేదు మావా. నాకేం రాలేదు," అని శౌరమ్మ ఏడ్చింది.